ఏడు గ్రహాలూ కంటికి కనిపించవు

సంపాదకుల వారికి,

‘గ్రహాల కవాతు’ (పలు గ్రహాలు ఒకే వేళ ఆకాశంలో ఉండటం) వచ్చినప్పుడల్లా ‘ఏడు గ్రహాలను కళ్లారా చూడండి’ అని పత్రికల్లో రాస్తున్నారు. 2025 ఫిబ్రవరి 28న కూడా ఇలాగే జరిగింది. పిల్లలను వెంటబెట్టుకుని డాబా ఎక్కినవారు శుక్రుడిని, గురుడిని, కుజుడిని చూసి ఉంటారు. మంచు మహాగ్రహాలైన యురేనస్, నెప్ట్యూన్‌లు ఊరి దీపాల మధ్య ఉత్త కంటికి కనిపించే అవకాశమే లేదు. ఆ సాయంత్రం నెప్ట్యూన్ సంధ్యవెలుగులో మునిగి ఉంది.

యురేనస్ మాగ్నిట్యూడ్ (వెలుగును కొలిచే అంకె) 5.7. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. చిమ్మచీకట్లో మంచి చూపున్నవారికి హద్దు 6, హైదరాబాద్, విజయవాడ దీపాల మధ్య 4 దాటడమే కష్టం. నెప్ట్యూన్ 7.8, దానికి ఏ ఊళ్లోనైనా బైనాక్యులర్ తప్పదు. భూమికి అందే ఎండలో 900వ వంతే అక్కడికి చేరుతుంది, అందులో తిరిగి మన దాకా వచ్చేది అత్యల్పం. గెలీలియో 1612లో నెప్ట్యూన్‌ను టెలిస్కోపులో చూసి కూడా నక్షత్రమనే గుర్తుపెట్టుకున్నాడు.

యురేనస్‌ను పట్టుకోవడం మాత్రం సాధ్యమే. 2026 డిసెంబరు అమావాస్య రోజుల్లో రాత్రి తొమ్మిది తర్వాత, పల్లెల్లో పిల్లలకోడి అనే కృత్తికల దగ్గర మొదలుపెట్టాలి. అక్కడి నుంచి రోహిణి వైపుగా, చాచిన చేతి మూడు వేళ్ల వెడల్పు దూరంలో యురేనస్ ఉంటుంది. 10×50 బైనాక్యులర్‌లో (పది రెట్లు పెంచేది, ముందు కటకం 50 మి.మీ.) కృత్తికలు, యురేనస్ ఒకే చూపులో ఇముడుతాయి. చేతిలో పట్టుకుంటే చుక్కలు ఊగి మసకవి మాయమవుతాయి, స్టాండుకు బిగించాలి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలు కావాలి. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర చూసినా మళ్లీ మొదటికే.

దొరికింది గ్రహమేనా? చుట్టూ ఉన్న చుక్కలను కాగితంపై గీసుకుని, వారం తర్వాత మళ్లీ చూడాలి. యురేనస్ దాదాపు అర చంద్రబింబమంత జరిగి ఉంటుంది, నక్షత్రాలు కదలవు. దాని బింబం చంద్రబింబం వెడల్పులో 500వ వంతే కాబట్టి గుండ్రంగా కనిపించాలంటే టెలిస్కోపులో 150 రెట్లైనా పెంచాలి.

వార్త పక్కన వేసే ముదురు నీలం నెప్ట్యూన్ ఫొటో కూడా సరిచేయాల్సిందే. 1989లో వాయేజర్ 2 అంతరిక్ష నౌక పంపిన చిత్రాల్లో మేఘాలు తేటపడేలా రంగు గాఢత పెంచారు. అసలు రంగు యురేనస్‌కు చాలా దగ్గరగా ఉండే లేత ఆకుపచ్చ నీలమేనని 2024లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు చూపించారు.

ఇకపై ఇలాంటి వార్తలో కంటికి కనిపించే గ్రహాలేవో, పరికరం కావలసినవేవో విడివిడిగా రాయండి. చూడాల్సిన వేళ, దిక్కు చెప్పి, అరచేయంత ఆకాశపటం వేయండి. వాయేజర్ ఫొటో వేస్తే రంగులు పెంచినదని కింద ఒక్క ముక్క చేర్చండి.

— ఒక పాఠకుడు