ఆ క్లాసు మాకు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మహిళా దినోత్సవం సందర్భంగా మా కార్యాలయంలో పొద్దున ముగ్గుల పోటీ, మధ్యాహ్నం వ్యక్తిత్వ వికాసం మీద ప్రసంగం పెట్టారు. ఇంటినీ ఉద్యోగాన్నీ ఎలా సర్దుకోవాలో, ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో, ఆత్మవిశ్వాసం ఎలా పెంచుకోవాలో వక్త రెండు గంటలు చెప్పారు. విన్నది ఆడవాళ్లు మాత్రమే. మేం మగవాళ్లం శాలువాలు కప్పేదాకా ఉండి, ఫొటో దిగి సీట్లలోకి వెళ్లిపోయాం. ఆ హాలులో కూర్చోవాల్సింది నేను. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటును. 29 ఏళ్ల సర్వీసు. ఎవరు ఏ సీటు చూడాలో, ఎవరు క్యాంపుకు వెళ్లాలో జాబితా రాసి అధికారి సంతకానికి పెట్టేది నేనే. ఆడవాళ్లతో ఏనాడూ పరుషంగా మాట్లాడలేదు. మంచివాడినన్న పేరుంది. ఆ మంచితనంతోనే ఒకరికి అన్యాయం చేశాను.

మా సెక్షన్లో ఒక సీనియర్ అసిస్టెంటు ఉన్నారు. ఇద్దరు చిన్నపిల్లలు. మండలాల తనిఖీకి వెళితే ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. పాపం పిల్లల తల్లి, ఎందుకు తిప్పడం అనుకుని రెండేళ్లపాటు ఆమె పేరు క్యాంపు జాబితాలో రాయలేదు. తేలికని తపాలు సీటు ఇచ్చాను. ఆగస్టు 15 ప్రశంసాపత్రాలకు పేర్లు పంపమన్నప్పుడు ఆమె పేరెదురుగా నా చేత్తోనే రాశాను, 'క్షేత్రస్థాయి అనుభవం లేదు' అని. ఆ నోట్ ఫైలు ఆమె కంటపడింది. మర్నాడు నా బల్ల దగ్గరికొచ్చి, గొంతు పెంచకుండా ఒక్కమాట అడిగారు: "వెళ్తావా అమ్మా అని నన్ను ఒక్కసారైనా అడిగారా సార్?"

అడగలేదు. వాళ్ల అత్తగారు వాళ్లతోనే ఉంటారని, పిల్లల్ని ఆవిడే చూసుకుంటారని కూడా నాకు తెలియదు. అదే సెక్షన్లో పసిపాప తండ్రి ఒకాయన ఉన్నారు. ఆయన్ని నెలకు నాలుగు క్యాంపులకు పంపాను. ఆయనకూ ఇంట్లో బిడ్డ ఉందన్న సంగతి జాబితా రాసేటప్పుడు ఏనాడూ గుర్తు రాలేదు.

ఆమె మాటలో నేను రోజూ వాడే 'అమ్మా' కూడా నన్ను పట్టుకుంది. మా ఆఫీసులో మగవాళ్లు రావుగారు, రెడ్డిగారు, బాషాగారు. ఆడవాళ్లు మాత్రం యాభై దాటినవారైనా 'ఏమ్మా, ఆ ఫైలు ఇలా ఇవ్వమ్మా'. దాన్ని ఆప్యాయత అనుకున్నాను. ఆప్యాయతే అయితే రావుగారిని ఒక్కసారైనా 'ఏం నాయనా' అని ఉండాలి కదా. పై అధికారులొస్తే పూలగుచ్ఛం పట్టుకుని నిలబడేది వాళ్లు, లెక్కలు చెప్పి మెప్పు పొందేది మేము. ఇలా చేయాలని ఏ జీవోలోనూ లేదు.

రాసి ఉన్న నియమం మీద కోర్టుకు వెళ్లొచ్చు. విదేశాంగ సర్వీసులో మహిళా అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని, పెళ్లి వల్ల పని దెబ్బతింటుందనుకుంటే ఆమెతో రాజీనామా చేయించవచ్చని ఒకప్పుడు నియమాలుండేవి. ఆ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకెక్కారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను గట్టిగా తప్పుపట్టారు. పెళ్లైన మగవాడికి ఉన్న హక్కు పెళ్లైన స్త్రీకీ ఉంటుందన్నారు. నా జాబితా వెనకున్న నియమం నా బుర్రలో ఉంది. దానిమీద ఎవరు ఏ కోర్టుకు వెళ్లగలరు?

'అయిదు కొట్టగానే బ్యాగు సర్దేస్తారు' అన్న మాట నేనూ అన్నాను. ఏడింటిదాకా కూర్చునే మగవాళ్లను కష్టజీవులని మెచ్చుకున్నాను. 2019 సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, అసలు ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. 2024 సర్వేకి అవి 289, 88. వాళ్లకు పది నిమిషాలు తగ్గితే మాకు తొమ్మిది తగ్గాయి! మా ఆవిడ టీచరు. నాలుగున్నరకే లేస్తుంది. నేను ఏడింటిదాకా ఆఫీసులో కూర్చోగలిగింది ఆమె అయిదింటికే ఇల్లు చేరబట్టి. ఈ లెక్క నాకు యాభై నాలుగో ఏట అర్థమైంది.

అందుకే పై అధికారులకు నా విన్నపం. వ్యక్తిత్వ వికాస తరగతులు మా మగ ఉద్యోగులకు పెట్టండి. ముఖ్యంగా జాబితాలు రాసేవాళ్లకు, వాటిమీద సంతకాలు చేసేవాళ్లకు. ఇది కొత్త కోరికేం కాదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లోనే వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా సీనియర్ మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ వేయాలి, ఆ ఉత్తర్వు అందరికీ కనిపించేలా పెట్టాలి, ఉద్యోగులకు క్రమం తప్పకుండా అవగాహన తరగతులు జరపాలి. ఉద్యోగులంటే ఆడవాళ్లు మాత్రమే అని ఆ చట్టంలో లేదు. అమలులో లోపాలున్నాయని 2023 మేలో సుప్రీంకోర్టే మందలించింది. మా నోటీసు బోర్డు మీది కాగితంలో అధ్యక్షురాలిగా ఉన్నావిడ రిటైరై రెండేళ్లయింది. రోజూ దాని ముందునుంచే నడిచాను, మొన్నటిదాకా చదవలేదు. కొత్త ఉత్తర్వు కోసం ఇప్పుడు నోట్ పెట్టాను.

ఆమెకు క్షమాపణ చెప్పాను. పోయిన ప్రశంసాపత్రాన్ని మాత్రం తెచ్చి ఇవ్వలేను. క్యాంపు జాబితాను ఇప్పుడు ముందుగా సెక్షన్ అంతా తిప్పుతున్నాను, ఎవరికి ఏ తేదీ వీలు కాదో వాళ్లే రాస్తారు. పోయిన నెల ఆ పసిపాప తండ్రి ఒక తేదీ కొట్టేసి పక్కన 'పాపకు టీకా' అని రాశారు. ఆ రోజు తనిఖీకి ఆమె వెళ్లారు.

– ఒక సూపరింటెండెంటు, గుంటూరు