మన మహిళా సంఘం వార్షిక నివేదిక: 2021 సెప్టెంబరు – 2022 ఆగస్టు

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో బతుకమ్మతో మొదలుపెట్టి, సంక్రాంతి ముగ్గులు, ఉగాది, పిల్లల తెలుగు బడి వరుసగా రాసుకుంటూ వచ్చి చివర్లో లెక్కలు చెప్పడం అలవాటు. అవన్నీ ఈసారీ జరిగాయి, బాగానే జరిగాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి కాబట్టి మళ్ళీ వర్ణించను. ఈ ఏడాది మన ఆదివారాలు ఎక్కువగా టెక్సాస్ అబార్షన్ చట్టాల మీద నిరసనకే పోయాయి. డాలస్ చుట్టుపక్కల ఉన్న పదిమంది ఆడవాళ్ళం ఒకరికొకరు తోడుగా ఉందామని పెట్టుకున్న సంఘం ఇది. ప్లకార్డులు పట్టుకుంటామని అప్పుడెవరూ అనుకోలేదు. సర్వసభ్య సమావేశానికి రాలేకపోయినవాళ్ళు “ఇదంతా మనకెందుకు?” అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

గవర్నర్ గ్రెగ్ ఆబట్ 2021 మే 19న సంతకం చేసిన ఎస్‌బి 8 చట్టం సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. స్కానింగులో పిండం గుండె కదలిక కనిపించాక అబార్షన్ చేయకూడదన్నది దాని సారాంశం. ఆ కదలిక సుమారు ఆరు వారాలకే కనిపిస్తుంది. “ఆరు వారాలంటే నెలన్నర, చాలదా?” అని మన ఇళ్ళలో మగవాళ్ళు కొందరు అన్నారు. చాలదు. డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది ఆఖరి పీరియడ్ మొదటి రోజు నుంచి. నెల తప్పిందన్న అనుమానం వచ్చేసరికే నాలుగు వారాలు గడిచిపోయి ఉంటాయి. మిగిలిన రెండు వారాల్లో టెస్టు చేసుకోవాలి, అపాయింట్‌మెంటు దొరకాలి, స్కానింగు అయ్యాక 24 గంటలు ఆగాలి. ఆ ఆగే రూలు 2011 నుంచే ఉంది. డబ్బు కూడా చేతినుంచే పెట్టుకోవాలి, ఎందుకంటే మామూలు హెల్త్ ఇన్సూరెన్సు దీనికి వర్తించకుండా 2017లోనే ఇంకో చట్టం చేశారు. థైరాయిడ్, పీసీఓడీ ఉండి నెలలు సరిగా రానివాళ్ళకి విషయం తెలిసేలోపే గడువు దాటిపోతుంది. అత్యాచారం వల్ల వచ్చిన గర్భానికి కూడా మినహాయింపు లేదు.

మనల్ని కదిలించింది మాత్రం వారాల లెక్క ఒక్కటే కాదు. ఈ చట్టాన్ని అమలు చేసేది పోలీసులు కాదు, ప్రభుత్వమూ కాదు. గర్భిణి మీద కేసు వేయకూడదు గానీ, అబార్షన్ చేసిన డాక్టరు మీదా, సాయం చేసిన ఎవరిమీదైనా సరే, ముక్కూ మొహం తెలియనివాడు కూడా సివిల్ కేసు వేయొచ్చు. నాలుగేళ్ళ వరకు టైముంది. గెలిస్తే వాడికి కనీసం 10,000 డాలర్లు వస్తాయి. డబ్బు ఇవ్వడం సాయమే అని చట్టంలోనే రాసి ఉంది. మరి కారులో దింపడమో? క్లినిక్కుకి తీసుకెళ్ళే డ్రైవర్ల మీద కేసులు పడితే లాయరు ఖర్చు తామే పెట్టుకుంటామని ఉబర్, లిఫ్ట్ కంపెనీలు ఆ వారంలోనే ప్రకటించాయి. అంత పెద్ద కంపెనీలకే టెన్షన్ పట్టుకుంటే మన సంగతేంటి?

ఇక్కడ మనకి అమ్మ లేదు, అక్క లేదు, పక్కింటి పిన్ని లేదు. జ్వరమొస్తే చారు పెట్టి తెచ్చేదీ, పురిటికి వీసా రాక అమ్మ ఆగిపోతే ఆసుపత్రిలో పక్కన కూర్చునేదీ, కారు నడపడం ఇంకా రాని కొత్తమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదీ మనమే. సంఘం పుట్టిందే అందుకు. ఆ సాయం మీదే కేసు పెట్టొచ్చని చట్టం చెప్పాక, ఇది రాజకీయం, మనకి సంబంధం లేదు అని కూర్చోవడం కుదరదని కార్యవర్గం అనుకుంది.

సెప్టెంబరు మూడో ఆదివారం ఒక సభ్యురాలి ఇంట్లో లాయరుతో మాట్లాడే సభ పెట్టాం. వచ్చిన లాయరు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఫీజు తీసుకోలేదు, ఉప్మా మాత్రం రెండోసారి పెట్టించుకుంది. అందరూ అటూ ఇటూ చూస్తుంటే, వెనక కూర్చున్న, ఈ మధ్యే హెచ్‌-4 వీసా మీద, అంటే భర్త ఉద్యోగ వీసాకి అనుబంధంగా, వచ్చిన అమ్మాయి అడిగింది: “అక్కా, నేను ఒకర్ని కారులో దింపి వస్తే నామీద కూడా కేసు పడుతుందా?” “వేయాలనుకుంటే వేస్తారమ్మా. నిలుస్తుందా లేదా అన్నది కోర్టు తేల్చాలి. కానీ అప్పటిదాకా లాయర్ని నువ్వే పెట్టుకోవాలి. నువ్వు గెలిచినా ఆ ఫీజు అవతలివాళ్ళు నీకు కట్టక్కర్లేదు, చట్టంలో అలాగే రాశారు” అంది లాయరు. ఆ అమ్మాయి తర్వాత అడిగింది వీసా సంగతి. ఆ తర్వాత గంటన్నర ప్రశ్నలు ఆగలేదు. గ్రీన్‌కార్డు లైనులో ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళకి కోర్టు కాగితం అనే మాటే నిద్ర పట్టనివ్వదు. ఆ రోజు వచ్చిన ప్రశ్నలూ జవాబులూ తెలుగులో నాలుగు పేజీల కరపత్రంగా వేశాం. ఏడాదంతా ఎక్కువ చేతులు మారింది అదే.

అక్టోబరు 2న దేశమంతటా మహిళల ర్యాలీలు జరిగాయి. మనవాళ్ళు రెండు వ్యాన్లలో ఆస్టిన్ వెళ్ళి శాసనసభ భవనం (క్యాపిటల్) ముందు నిలబడ్డారు. నాలుగు రోజుల్లో ఎంగిలిపూల బతుకమ్మ. ఇంట్లో పూల పని వదిలేసి వస్తున్నామని సణుక్కుంటూనే వచ్చారు, పులిహోర మాత్రం మర్చిపోలేదు. “డాక్టరు గదిలో మీకేం పని?” అని తెలుగులో రాసిన అట్టముక్కతో చాలామంది ఫొటోలు దిగారు. నాకు గుర్తుండిపోయింది వేరే సంగతి. తిరుగు ప్రయాణంలో, వేకో దగ్గర కాఫీకి ఆగినప్పుడు, మాలో అందరికన్నా పెద్దావిడ, గుంటూరులో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ, ఇండియాలో అబార్షన్‌కి అనుమతి ఇచ్చిన 1971 చట్టం రాకముందు తన చిన్నప్పుడు ఊళ్ళో విన్న నాటు మందుల కథలు చెప్పడం మొదలుపెట్టింది. పుల్లలు, జిల్లేడు పాలు. కాఫీ కప్పులు అలాగే చేతుల్లో ఉండిపోయాయి. “చట్టం పెడితే అబార్షన్లు ఆగవే, ఆడాళ్ళు పోతారు, అంతే” అంది.

అక్టోబరు 6న ఫెడరల్ జడ్జి రాబర్ట్ పిట్‌మన్ చట్టాన్ని ఆపారు. సంబరపడే టైము కూడా దొరకలేదు. 8వ తేదీకి పై కోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. డిసెంబరులో అబార్షన్ మాత్రలు ఏడు వారాల తర్వాత ఇవ్వకూడదనీ, పోస్టులో పంపకూడదనీ ఇంకో చట్టం అమలుకొచ్చింది. డిసెంబరు 10న సుప్రీంకోర్టు కూడా ఎస్‌బి 8ని ఆపలేదు.

నవంబరు సర్వసభ్య సమావేశం గురించి దాచకుండా రాయాలి. వాదన గట్టిగానే జరిగింది. ఇద్దరు సభ్యులు ఇది పాపమనీ, సంఘం పేరు దీనికి వాడొద్దనీ అన్నారు. ఇంకొకరు లేవనెత్తిన మాట బరువైనది: “మన దేశంలో ఆడపిల్లని తెలియగానే కడుపు తీయించేసిన చరిత్ర ఉంది. మనం ఏ మొహం పెట్టుకుని అబార్షన్ హక్కంటాం?” దానికి నా జవాబు మినిట్స్‌లో ఉంది, ఇక్కడా చెప్తాను. ఇండియాలో 1994 చట్టం నిషేధించింది ఆడా మగా చెప్పే పరీక్షని. అబార్షన్‌కి 1971 చట్టం షరతులతో దారి ఇచ్చింది. ఎస్‌బి 8 అమల్లోకి వచ్చిన ఆ సెప్టెంబరులోనే, 24వ తేదీ నుంచి, ఇండియాలో కొన్ని వర్గాల ఆడవాళ్ళకి ఆ గడువు 20 వారాల నుంచి 24 వారాలకి పెరిగింది. అక్కడ కూడా నిర్ణయం డాక్టరు చేతిలోనే ఉంది, ఆడదాని చేతిలో కాదు. అంత గొప్పగా చెప్పుకోవాల్సిందేం కాదు. కానీ ఆడపిల్లని వద్దనుకునే బుద్ధిని మార్చడం ఒక పని, కడుపుతో ఉన్న మనిషిని నేరస్తురాలిలా చూడడం ఇంకో పని. ఇక్కడ కొన్ని రాష్ట్రాలు “ఆసియా వాళ్ళు ఆడపిల్లల్ని చంపేస్తారు” అనే సాకుతోనే నిషేధాలు తెచ్చాయి. ఆ సాకుకి మనం తల ఊపకూడదు.

ఓటింగులో సంఘం ఈ నిరసన కొనసాగించాలన్న తీర్మానం స్పష్టమైన మెజారిటీతో గెలిచింది. ఇష్టం లేనివాళ్ళు ఈ పనుల్లో పాల్గొనక్కర్లేదు, పండగ చందా ఇందులో వాడం, ఏ పార్టీకీ ఏ అభ్యర్థికీ సంఘం మద్దతు చెప్పదు అని షరతులు పెట్టుకున్నాం. పన్ను మినహాయింపు ఉన్న సంస్థకి ఆఖరిది ఎలాగూ తప్పదు. ఆ తర్వాత ఒకరు సభ్యత్వం మానేశారు. సంక్రాంతికి మాత్రం వచ్చి ముగ్గేసి వెళ్ళారు.

డిసెంబరు 26న లాయరు సారా వెడింగ్టన్ ఆస్టిన్‌లో చనిపోయారు. దేశమంతటా అబార్షన్‌కి రాజ్యాంగ రక్షణ తెచ్చిన రో వర్సెస్ వేడ్ మన ఊరి కేసే అని మనలో చాలామందికి అప్పుడే తెలిసింది. 1970లో ఆవిడా, లిండా కాఫీ కలిసి దాన్ని వేసింది డాలస్ ఫెడరల్ కోర్టులో. వేడ్ అంటే అప్పటి డాలస్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వ ప్రాసిక్యూటరు) హెన్రీ వేడ్. మొదటిసారి సుప్రీంకోర్టులో వాదించేనాటికి వెడింగ్టన్‌కి 26 ఏళ్ళు. జనవరి 22న, తీర్పు వచ్చి 49 ఏళ్ళు నిండిన రోజున, ఆవిడ మీద చిన్న సభ జరిపాం. సభకి ముందు మాటిచ్చిన ఒక హాలువాళ్ళు విషయమేంటో తెలిశాక అడ్వాన్సు తిప్పి పంపారు. పేరు ఎందుకులెండి. గ్యారేజీలో కుర్చీలు వేసుకున్నాం, హీటరు అరువు తెచ్చుకున్నాం.

ఏప్రిల్లో, మెక్సికో సరిహద్దున ఉన్న స్టార్ కౌంటీలో ఒక మహిళని సొంతంగా అబార్షన్ చేసుకుందని హత్య కేసు పెట్టి జైల్లో వేశారు. గొడవయ్యాక డిస్ట్రిక్ట్ అటార్నీ కేసు ఎత్తేశాడు. చట్టం గర్భిణిని శిక్షించదుగా అని అంతవరకు మనకి ధైర్యం చెప్పినవాళ్ళు దాంతో మాట మార్చారు.

మే 2న, రో తీర్పుని కొట్టేసే సుప్రీంకోర్టు ముసాయిదా బయటికి పొక్కినప్పుడే చాలామందికి అర్థమైపోయింది. జూన్ 24న డాబ్స్ తీర్పు వచ్చింది. 1973 నుంచి ఉన్న రక్షణ పోయింది. ఆ రోజు శుక్రవారం. ఆఫీసుల నుంచి అటునుంచి అటే డాలస్ డౌన్‌టౌన్ చేరాం. పిల్లల్ని ఎవరికి అప్పగించాలో తెలియనివాళ్ళు స్ట్రోలర్లతో వచ్చారు. ఎండ మాడ్చేస్తోంది. నినాదాల మధ్యలో మన బెళగావి కోడలు, కన్నడ ఇంటి కోడలైన మన తెలుగమ్మాయి, సవితా హలప్పనవర్ ఫొటో పట్టుకుని నిలబడింది. సవితది బెళగావే. 2012 అక్టోబరులో ఐర్లండ్‌లోని గాల్వేలో ఆమెకి గర్భం నిలవదని డాక్టర్లకి తెలుసు. అయినా పిండం గుండె కొట్టుకుంటోందని అబార్షన్ చేయలేదు. ఒళ్ళంతా విషమెక్కి చనిపోయింది. 31 ఏళ్ళ దంత వైద్యురాలు. ఐర్లండ్ ప్రజలు 2018లో ఓటేసి అబార్షన్‌ని అడ్డుకున్న రాజ్యాంగ నిబంధనని తీసేశారు. ఆ గుండె కదలిక మాటే ఇప్పుడు టెక్సాస్ చట్టంలో ఉంది. కడుపు పోతున్న ఆడదానికి ప్రాణం మీదికి వచ్చేదాకా డాక్టరు లాయర్ని అడిగి కూర్చుంటే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇద్దరు పిల్లల మధ్య గర్భస్రావాలు అయినవాళ్ళు మన సంఘంలోనే ఎంతమంది!

జులైలో పని రెండు దారులుగా సాగింది. అబార్షన్ హక్కు మీద ఓటింగు జరగబోతున్న కాన్సాస్ ఓటర్లకి కొందరు పోస్టుకార్డులు రాశారు, స్టాంపుల ఖర్చు ఎవరిది వాళ్ళే పెట్టుకున్నారు. ఓక్లహోమాలో మే నెల నుంచే పూర్తి నిషేధం ఉంది కాబట్టి డాలస్ నుంచి కారులో వెళ్ళగలిగిన దూరంలో అబార్షన్‌కి మిగిలింది దాదాపు 360 మైళ్ళ దూరాన కాన్సాస్‌లోని విచిటా, దాని తర్వాత 650 మైళ్ళ దూరాన న్యూమెక్సికోలోని ఆల్బకర్కీ. ఆగస్టు 2న కాన్సాస్ ప్రజలు తమ రాజ్యాంగం నుంచి ఈ హక్కుని తీసేయడానికి ఒప్పుకోలేదు. సుమారు 59 శాతం వద్దన్నారు. ఆ రాత్రి గ్రూపులో వచ్చిన మెసేజీలు చూస్తే ఇండియా వరల్డ్ కప్ గెలిచిందేమో అనుకోవాలి.

రెండో బృందం డాలస్ సిటీ కౌన్సిల్ సభ్యులకి ఫోన్లు చేసింది. ఆగస్టు 10న కౌన్సిల్ 13–1తో ఒక తీర్మానం చేసింది: అబార్షన్ వ్యవహారాల దర్యాప్తుకి నగరం డబ్బు, పోలీసుల సమయం వాడే విషయం అన్నిటికన్నా చివర పెట్టాలని. మంచిదే, కానీ మురిసిపోవడానికి లేదు. అది రాష్ట్ర చట్టాన్ని మార్చదు. పైగా మనలో ఎక్కువమంది ఉండేది ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో. అక్కడికి అది వర్తించదు.

ఆగస్టు 25 నుంచి టెక్సాస్‌లో పూర్తి నిషేధం అమలవుతోంది. గర్భిణి ప్రాణానికో, శరీరం చేసే ఏదైనా ముఖ్యమైన పనికో తీవ్ర ప్రమాదం ఉంటే తప్ప చేయకూడదు. చేసిన డాక్టరుకి యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా. ఏది తీవ్రం, ఎప్పుడు తీవ్రం అన్నది డాక్టర్లకే అంతుబట్టడం లేదు. మన సంఘంలో ఉన్న గైనకాలజిస్టు నివేదికలో తన పేరు రాయొద్దంది. రాయడం లేదు.

లెక్కలు కోశాధికారి విడిగా పంపారు. నిరసన ఖర్చంతా విడి విరాళాలే, పండగ ఖాతా ముట్టుకోలేదు.

వచ్చే ఏడాదికి: టెక్సాస్ శాసనసభ రెండేళ్ళకోసారే కూర్చుంటుంది, ఈసారి 2023 జనవరి 10న మొదలై 140 రోజులు నడుస్తుంది. కమిటీల ముందు ఎవరైనా మాట్లాడొచ్చు, సిటిజన్ కానక్కర్లేదు. టైము రెండు మూడు నిమిషాలే ఇస్తారు, కాబట్టి మాట్లాడదలచినవాళ్ళకి డిసెంబరులో ప్రాక్టీసు పెడతాం. కరపత్రాన్ని కొత్త చట్టం ప్రకారం లాయరు తిరిగి రాస్తున్నారు. పాతవి ఎవరి దగ్గరున్నా పారేయండి, అందులో ఆరు వారాల సంగతి ఇప్పుడు పనికిరాదు. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళు నవంబరు 8 ఎన్నికకి ఓటరుగా నమోదు చేసుకోవడానికి ఆఖరు తేదీ అక్టోబరు 11. ఫారాలు నా దగ్గరున్నాయి, దసరా పేరంటానికి వచ్చినప్పుడు తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి