బకెట్‌కి గ్రాపిల్ పెట్టే ముందు అమ్మాజీకి నాలుగు ముక్కలు

పాలకొల్లు

చి॥ అమ్మాజీకి, నాన్న దీవెనలు.

మీ ట్రాక్టర్ ముందున్న లోడర్ బకెట్‌కి గ్రాపిల్, అంటే దుంగల్ని పట్టే గోళ్ల మూత, పెట్టిద్దామని నువ్వు పంపిన బొమ్మ చూశాను. లేత్ వర్క్‌షాపు అతను గీసింది బానే ఉంది గానీ, అందులో ఇనుము ఉంది, ఆయిల్ లేదు. గోళ్లు ఎన్ని, ఎంత పొడుగు అన్నది తర్వాతి మాట. ఆ గోళ్లని మూసే ఆయిల్ ఎక్కణ్ణుంచి తెస్తావో ముందు తేల్చుకో.

మీ లోడర్ చేసేవి రెండు పనులు: బకెట్‌ని మోసే ఇనప చేతులు లేపడం, బకెట్ తిప్పడం. గ్రాపిల్ మూడోది. వెనక ట్రాలీ లేపే పైపుల్ని ముందుకి లాక్కొస్తే చవకే. కానీ ట్రాలీ జాకీకి ఒక పైపు చాలు, దిగేటప్పుడు బరువే దాన్ని దించేస్తుంది. గ్రాపిల్‌కి మూయడానికొకటి, తెరవడానికొకటి కావాలి. వెనక పైపులు తగిలించే కప్లర్లు రెండున్నా ఆ లివర్ సీటు పక్కన ఉంటుంది. ఒక చెయ్యి స్టీరింగ్ మీదా, ఇంకోటి లోడర్ లివర్ మీదా ఉంటే దాన్ని ఎవరు లాగుతారు?

విడిగా థర్డ్ ఫంక్షన్ వాల్వ్ పెట్టించడం ఇంకో పద్ధతి. లోడర్ వాల్వ్ పవర్ బియాండ్ పోర్టు (ఆయిల్‌ని తర్వాతి వాల్వ్‌కి పంపే రంధ్రం) నుంచి ఆయిల్ తీసి, కొత్త వాల్వ్ గుండా పంపి, మళ్లీ వెనక లిఫ్ట్‌కి అప్పగించాలి. బకెట్ తిప్పుతూనే గ్రాపిల్ మూయొచ్చు, అది దాని సుఖం. అయితే పవర్ బియాండ్ ఏదో, ట్యాంకుకి పోయేది ఏదో తెలియనివాడి చేతిలో పడితే వాల్వ్ సీళ్లు ఎగిరిపోతాయి, బాడీయే చిట్లొచ్చు. గంటకి ఇన్ని లోడ్లని ఎత్తే కిరాయి బండికైతే ఆ ఖర్చు పెట్టమంటాను. నీ తోట పనికి అక్కర్లేదు.

నీకు డైవర్టర్ వాల్వ్ చాలు. ఆరు పోర్టులు, కరెంటుతో ఆయిల్ దారి మార్చే 12 వోల్టుల కాయిల్. బకెట్ తిప్పే రెండు పైపుల దారిలో దీన్ని బిగిస్తారు: రెండు పోర్టులకి లోడర్ వాల్వ్ నుంచి వచ్చే పైపులు, రెండింటి నుంచి బకెట్ సిలిండర్లకి, మిగతా రెండింటి నుంచి గ్రాపిల్‌కి. బటన్ నొక్కకపోతే లివర్ బకెట్‌ని తిప్పుతుంది, నొక్కి పట్టుకుంటే అదే లివర్ గ్రాపిల్‌ని ఆడిస్తుంది. రెండూ ఒకేసారి చెయ్యలేవు. దుంగ పట్టుకున్నాకే బకెట్ వెనక్కి వంచుతావు కాబట్టి ఆ లోటు పెద్దగా తెలీదు.

దీన్ని ఎక్కడ బిగించాలన్న దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు. బకెట్ పైపులు చేతుల మధ్య అడ్డగొట్టం దగ్గర టీ (మూడు దారుల జాయింటు) పడి రెండు సిలిండర్లకీ చీలతాయి. డైవర్టర్ ఆ టీ కంటే ముందే ఉండాలి. టీ తర్వాత ఒక పక్క పెట్టారంటే బటన్ నొక్కినప్పుడు ఒక సిలిండరే ఆగుతుంది, రెండోది తిరుగుతూనే ఉంటుంది, బకెట్ మెలి పడుతుంది. అడ్డగొట్టం మీదే టీకి ముందు కూర్చోబెట్టి, పైన 5 మి.మీ. రేకు కప్పించు. కొబ్బరి మట్ట మొదలు తగిలితే కాయిల్ ప్లగ్గు విరిగి ఊడొస్తుంది.

సిలిండర్లు రెండు తీసుకో: 50 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 25 రాడ్డు, 200 స్ట్రోకు (రాడ్డు నడిచే దూరం). రాడ్డు బయటికి వచ్చేటప్పుడు గ్రాపిల్ మూసుకునేలా అమర్చమను. ఎందుకంటే 150 బార్ ప్రెషర్ దగ్గర తోసేటప్పుడు ఒక్కో సిలిండర్‌కి 3 టన్నుల బలం ఉంటే, లాగేటప్పుడు 2 టన్నుల పైచిలుకే. కీలు నుంచి సిలిండర్ పిన్నుకి 150 మి.మీ., గోరు కొనకి 750 ఉంటే కొన దగ్గర ఐదో వంతే మిగులుతుంది, అంటే సుమారు 600 కిలోలు. దుంగకి అది బోలెడు. అరటి బోదెలయితే నలిగి రసం కారతాయి.

ఒక్కో సిలిండర్‌లో పట్టేది 400 మి.లీ. లోపే. పంపు ఆయిల్ మొత్తం ఒక్కసారి వచ్చిపడితే గ్రాపిల్ చెంపదెబ్బలా మూసుకుంటుంది, వెల్డింగులు అక్కడే చిట్లుతాయి. గ్రాపిల్ లైన్‌లో ఒకటిన్నర మి.మీ. రంధ్రమున్న రిస్ట్రిక్టర్ వేయించు. లోడర్ లివర్‌కి బకెట్ వేగంగా కుమ్మరించే చివరి గాటు ఉంటే, బటన్ నొక్కి ఉండగా అక్కడిదాకా తోయకు. ఆ గాటులో సిలిండర్ రెండు వైపులకీ ప్రెషర్ వెళ్తుంది, నువ్వు తెరుద్దామనుకున్న గ్రాపిల్ మూసుకోవచ్చు.

పైపుల విషయంలో కక్కుర్తి పడకు. గ్రాపిల్‌కి పావంగుళం, డబుల్ వైర్‌ది, 400 బార్ రేటింగ్. అదే త్రీ బై ఎయిట్ సింగిల్ వైర్ అయితే 180 బారే, మీ బండి రిలీఫ్ ప్రెషర్‌కి (పంపు ఆయిల్ అంతకు మించనివ్వని హద్దు) అంచున ఉంటుంది. పావంగుళం పైపుని 100 మి.మీ. వ్యాసార్థం కంటే ఇరుగ్గా వంచకూడదు. పైపు కోసి చివర ఫిట్టింగు నొక్కించే క్రింపింగ్‌కి ఇచ్చేముందు ఉత్త తాడు కట్టి కొలుచుకో: చేతులు పూర్తిగా దించి, పూర్తిగా లేపి, బకెట్ అటూ ఇటూ చివరిదాకా తిప్పి, ప్రతి భంగిమలోనూ తాడు బిగుసుకోకుండా, కీళ్ల మధ్య నలగకుండా ఉండాలి. ఫిట్టింగులకి బాండెడ్ సీల్ వాషర్లు వెయ్యాలి. వాటి మీద టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకు. దాని పీలిక ఒక్కటి వాల్వ్‌లోకి పోయిందంటే లోపల జరిగే స్పూలు ఇరుక్కుంటుంది, అప్పుడు ఎవరు ఎన్ని విప్పినా దొరకదు.

ఒక్కో సిలిండర్ దగ్గరే, ఆయిల్‌ని వెనక్కి జారనివ్వని పైలట్ చెక్ వాల్వ్ కూడా ఒకటి ఉంటే, దాని అవతల పైపు పగిలినా పట్టు వదలదు.

కరెంటు పని చిన్నది. కాయిల్ రెండు మూడు ఆంపియర్లు తీసుకుంటుంది. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైన్ నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజుతో 1.5 చదరపు మి.మీ. వైరు, లివర్ గుబ్బ మీద స్ప్రింగ్ బటన్. కానీ ఆ వైరు తెగితే ఏమవుతుందో గుర్తుంచుకో. గ్రాపిల్ తెరుద్దామని నొక్కి లివర్ తోస్తే, వాల్వ్ కదలదు, బకెట్ కుమ్మరిస్తుంది. రోజూ బరువెత్తే ముందు బటన్ నొక్కి టిక్కుమన్న చప్పుడు విను.

ఇక ఇనుము. బకెట్ పై అంచు పల్చటి ప్లేటు. కీలు చెవులు దానికే అతికిస్తే నెల తిరక్కుండా చిరిగి వస్తుంది. అంచు పొడుగునా 75 × 75 బాక్స్ పైపు వేసి, దానికి 12 మి.మీ. చెవులు పెట్టించు. పిన్నులు 25 మి.మీ. ఈఎన్8 ఉక్కువి, బుష్షులతో, గ్రీజు నిపుల్స్‌తో. మూత ఒకే ముక్క వద్దు, రెండు విడి భాగాలు చేయించి ఒక్కోదానికి ఒక సిలిండర్ పెట్టు. దుంగ ఒక పక్క లావు, ఇంకో పక్క సన్నం కదా. ఒకటి ముందు మూసుకుని రెండోది తర్వాత మూసుకుంటే కంగారు పడకు, ఆయిల్ తేలిగ్గా ఉన్న వైపుకే ముందు పోతుంది.

ముందు టాకాలు మాత్రమే వేయించి, చేత్తో తెరిచి మూసి చూడాలి. గోరు కొనకీ బకెట్ పెదవికీ రెండు వేళ్ల సందు ఉండాలి. చేతులు పూర్తిగా లేపి, బకెట్ వెనక్కి వంచి, మూత తెరిచినప్పుడు బానెట్‌కి తగలకూడదు. పిన్ను అన్ని చెవుల గుండా దూర్చి ఉంచే వెల్డింగు చేయించు, లేదంటే వేడికి చెవులు వరస తప్పుతాయి. 7018 వెల్డింగు రాడ్లు పొడిగా ఉండాలి. వానల్లో తెరిచి పెట్టిన ప్యాకెట్టు చెమ్మ పీల్చుకుంటుంది, అతుకు పైకి నున్నగా కనబడి లోపల చిట్లుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేయించు, ఎర్త్ క్లిప్పు బకెట్‌కే తగిలించమను, సిలిండర్ రాడ్ల మెరుపు మీద రవ్వలు పడకుండా తడి గోనెపట్టా కప్పు.

మొదటిసారి స్టార్ట్ చేశాక, ఇంజను నెమ్మదిగా ఉంచి, ఖాళీ గ్రాపిల్‌ని ఐదారుసార్లు తెరిచి మూస్తే గాలి పోతుంది. సిలిండర్లన్నీ లోపలికి ముడిచి ఆయిల్ చూడు, లీటరు దాకా తగ్గి ఉంటుంది. బ్రేకులు కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కాబట్టి బండి పుస్తకంలో రాసిన గ్రేడే పొయ్యి. లీకు అనుమానం వస్తే అట్టముక్క పెట్టి వెతుకు, వేలు పెట్టకు. సూది రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, అది నొప్పి లేకపోయినా వెంటనే ఆపరేషన్ చేయించాల్సిన గాయం.

బరువు లెక్క కూడా వేసుకో. లోడర్ 500 కిలోలు ఎత్తుతుందని పుస్తకంలో ఉంటే, అది బకెట్ పిన్ను దగ్గర మాట. బకెట్ 120, గ్రాపిల్ 80 పోతే మిగిలేది 300. బరువు పిన్నుకి ముందుంటుంది కాబట్టి 250 అనుకో. అడుగు మందం పచ్చి కొబ్బరి దుంగ మీటరుకి 65, 70 కిలోలు తూగుతుంది. పదడుగుల ముక్క ఒక్కటే నీ లోడు. పట్టు గట్టిగా ఉంది కదాని రెండు పట్టుకుంటే వెనక చక్రాలు తేలిపోతాయి. ఎదురు బరువుకి వెనక రోటవేటర్ తగిలించి ఉంచు, దుంగని నేలకి అడుగు ఎత్తులోనే మొయ్యి. కాలవ గట్టు అంచున, ముఖ్యంగా తడి మీద, ముందు చక్రం దిగబడుతుంది, అక్కడికి బరువుతో వెళ్లకు.

వేళ్లతో పడిపోయిన చెట్టుని గ్రాపిల్‌తో పక్కకి లాగకు, ముందు కోయించు. గోళ్లతో మోడుని తోయడం కూడా వద్దు. లివర్ వదిలేసి ఉన్నప్పుడు ఆ లైన్‌లో పుట్టే ప్రెషర్ పంపు రిలీఫ్‌ వాల్వ్‌కి తెలియదు, రాడ్డు వంగుతుంది. కోసిన మోళ్లని తోటలోనే కుళ్లబెట్టకు. కొబ్బరిని పాడుచేసే కొమ్ము పురుగు వాటిలోనే గుడ్లు పెడుతుంది.

కాలవలో గుర్రపుడెక్క తియ్యడానికి ఇది జేసీబీ కాదు, చక్రాల కిందికి జానెడు కూడా దిగదు. మనుషులు గట్టుకి లాగిన కుప్పనే ఎత్తగలదు. పట్టుకున్నాక బకెట్ కొంచెం ముందుకి వంచి అర నిమిషం నీళ్లు కారనిచ్చి అప్పుడు లేపు.

గ్రాపిల్ పైపులు విప్పేటప్పుడు ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, బటన్ నొక్కి లివర్ అటూ ఇటూ కదుపు. బటన్ నొక్కకపోతే ఆ లైన్‌లో ప్రెషర్ అలాగే ఉండిపోతుంది, ఎండలో పెరుగుతుంది, మర్నాడు కప్లర్ ఎక్కదు. చెక్ వాల్వ్ పెట్టిస్తే సిలిండర్‌లో ప్రెషర్ దాని వెనకే నిలిచి ఉంటుంది, అందుకని గ్రాపిల్ తెరిచి దించాకే విప్పు. మీది ఉప్పుగాలి, కప్లర్లకి టోపీలు తప్పనిసరి.

డైవర్టర్ ఇక్కడ కొనాలంటే నాకు ఒక కొలత కావాలి. బకెట్ సిలిండర్లకి వెళ్లే పైపు ఫిట్టింగు బయటి థ్రెడ్డు వెర్నియర్‌తో కొలిచి రాయి. 16.6 వస్తే త్రీ బై ఎయిట్ బీఎస్పీ, 21కి కాస్త తక్కువైతే అరంగుళం బీఎస్పీ, సరిగ్గా 18 గానీ 22 గానీ వస్తే అది మెట్రిక్ థ్రెడ్డు, అడాప్టర్లు వేరే తేవాలి.

అల్లుడుగారినీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నాన్న