మా పద్దులు మోస్తున్న వారికి కృతజ్ఞతలు

ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే డెబియన్ ప్రాజెక్టులో ప్యాకేజీల (ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ల) నిర్వహణ చూసే స్వచ్ఛంద కార్యకర్తల్లో ఒకరిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా బృందం నలుగురూ ఒకచోట కూర్చుని పనిచేసిన సమావేశానికి నేను వెళ్లివచ్చిన ప్రయాణ ఖర్చులు గత వారం నా ఖాతాలో జమ అయ్యాయి. ఆ సొమ్ము డెబియన్ కోసం దాతలు ఇచ్చిన విరాళాల్లోనిది. దాన్ని భద్రంగా దాచి, లెక్క తప్పకుండా నాకు చేర్చింది సాఫ్ట్‌వేర్ ఇన్ ద పబ్లిక్ ఇంటరెస్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ. అక్కడ పనిచేస్తున్న వారికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవాలనిపించింది.

ఈ సాయం విలువ నాకు ఇంతగా తెలియడానికి ఒక పాత అనుభవం కారణం. చాలా ఏళ్ల క్రితం ఆరుగురం కలిసి ఒక చిన్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టు నడిపాం. డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) ఒకరి పేరు మీద, విరాళాలు మరొకరి సొంత బ్యాంకు ఖాతాలో ఉండేవి. డొమైన్ ఉన్న మిత్రుడు అనారోగ్యంతో కొన్ని నెలలు ఎవరికీ అందుబాటులోకి రాలేదు. గడువు ముగిసిన ఆ డొమైన్‌ను ఎవరో కొనుక్కున్నారు. మా సాఫ్ట్‌వేర్ కోసం వచ్చినవారికి ఒక ఉదయం నుంచి ప్రకటనల పేజీ కనిపించడం మొదలైంది. విరాళాలు దాచిన మిత్రుడేమో అది తన ఆదాయం కాదని పన్ను లెక్కల్లో నిరూపించుకోలేక అవస్థ పడ్డాడు. అందులో ఎవరి తప్పూ లేదు. పదిమందికీ చెందిన వస్తువును ఒక మనిషి పేరిట ఉంచక తప్పని పరిస్థితే మమ్మల్ని దెబ్బతీసింది.

డెబియన్‌కు కూడా చట్టం దృష్టిలో ఆస్తి కలిగి ఉండే అర్హత లేదు. అందుకే దాని డబ్బును, ఇతర ఆస్తులను దాని తరఫున నమ్మకమైన సంస్థలు కలిగి ఉంటాయని డెబియన్ రాజ్యాంగమే (ప్రాజెక్టు నియమావళి) చెబుతుంది. వాటిలో 1997లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో నమోదైన సాఫ్ట్‌వేర్ ఇన్ ద పబ్లిక్ ఇంటరెస్ట్ ముఖ్యమైనది. డెబియన్ అనే పేరుకున్న ట్రేడ్‌మార్క్ దీని పేరిటే ఉంది. అక్కడి చట్టం ప్రకారం ఇది ప్రజాహిత సంస్థ కాబట్టి ఆ దేశంలోని దాతలకు పన్ను మినహాయింపు కూడా దొరుకుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఆర్చ్ లినక్స్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకూ ఇదే నీడ. విరాళాల్లో 5 శాతం మాత్రం నిర్వహణ కోసం ఉంచుకుంటుంది. ఈ మాత్రం తీసుకోవడంలో అన్యాయమేమీ లేదని, ఒక ఖాతా సొంతంగా నడపడానికి అయ్యే శ్రమ తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది మరొకటి ఉంది. డబ్బు తమ చేతిలో ఉన్నా ఏ ప్యాకేజీ ఉండాలి, ఏది తీసేయాలి, ఎవరు సభ్యులు కావాలి అన్న విషయాల్లో వీరు జోక్యం చేసుకోరు. డెబియన్ నిర్ణయాలపై వీరికి అధికారం లేదని అదే రాజ్యాంగం స్పష్టంగా చెబుతుంది. ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ప్రాజెక్టు నాయకత్వం తేలుస్తుంది. చట్టబద్ధంగా, రశీదులతో సహా చెల్లించే భారం వీరిది. అధికారం అడగకుండా బాధ్యత మోయడం అంటే ఇదే కదా.

ఆ భారం ఎలాంటిదో ఈసారి దగ్గరగా చూశాను. నేను పంపిన రైలు రశీదు వేడికి వెలిసిపోయిన కాగితం. స్కాన్‌లో తేదీ కనిపించినా మొత్తంలో చివరి రెండు అంకెలు చెరిగిపోయాయి. పద్దులు చూసేవారు ఒక మర్యాదైన ఉత్తరంలో ఆ రెండు అంకెల గురించి అడిగి, బ్యాంకు వివరణ పత్రంలో ఆ వరుస ఉన్న పేజీ చాలునని, మిగతా లావాదేవీలు కప్పి పంపవచ్చునని తెలిపారు. అలాగే పంపాను. కొద్ది రోజుల్లో డబ్బు వచ్చింది.

ప్యాకేజీలో ఒక లోపం సరిదిద్దితే మార్పుల జాబితాలో మా పేరు నిలిచిపోతుంది. పద్దు సరిపోల్చినవారి పేరు ఎక్కడా పడదు. ఆ సంస్థ బోర్డు సభ్యులు సైతం జీతం లేకుండా, మా మాదిరే ఉద్యోగాలు ముగించుకుని మిగిలిన వేళల్లో ఈ పని చేస్తున్నారు. వారందరికీ, ముఖ్యంగా ఆ రెండు అంకెలను ఊహించి రాసేయకుండా ఆగి అడిగిన వారికి, నా హృదయపూర్వక ధన్యవాదాలు.