శుక్రవారం దాకా ఆగమన్నారు

ఒరేయ్,

తిట్టదలచుకుంటే ముందే తిట్టేసి ఆ తరువాత చదువు. నీ ఉత్తరాలకు జవాబు రాయలేదు, పుట్టినరోజుకు ఫోను చేయలేదు, మోకాలు ఎలా ఉందో అడగలేదు. (ఎలా ఉంది? మెట్లు ఎక్కగలుగుతున్నావా?) ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారికి కంటి ఆపరేషన్ అయింది, ఇప్పుడు పత్రికలో చిన్నక్షరాలు కూడా చదివి ఇంటిల్లిపాదికీ వినిపిస్తున్నారు. చెల్లెలు ఉద్యోగం మారింది. నేనేమీ మారలేదు. కుశల ప్రశ్నలు సమాప్తం.

ఇక అసలు సంగతి. మన రీఫ్ మీద, అదే నీళ్ళలోని మన పగడపు దిబ్బ మీద, గురువారం సర్ఫింగ్‌కు పనికొచ్చే అలలు వచ్చాయి. గురువారం! ఊరంతా శుక్రవారం శుక్రవారం అని జపం చేస్తుంటే, నేనొక్కడినే గురువారం అంటూ తిరిగాను. అంచనాల్లో నక్షత్రాలు తప్ప ఇంకేమీ చూడని మన నక్షత్రాలరావు నవ్విన నవ్వు నువ్వు చూసి ఉండవలసింది. 

మొదటి నుంచి చెబుతాను. ఆదివారం పొద్దున వాతావరణ పటం తెరిచాను. దక్షిణాన, కాస్త నైరుతిగా, మనకు దాదాపు 5,000 కిలోమీటర్ల దూరంలో ఒక అల్పపీడనం. సమభార రేఖలు ఒకదాన్నొకటి రాసుకునేంత దగ్గరగా ఉన్నాయి, అంటే గాలి గట్టిది. అంతకంటే ముఖ్యం, ఆ గాలి సూటిగా మన వైపే వీస్తోంది, అదీ చాలా పొడవైన నీటి మేర మీద, చాలాసేపు. గాలి ఎంత గట్టిది, ఎంతసేపు వీచింది, ఎంత దూరం మేర వీచింది, ఈ మూడూ కుదిరితేనే మంచి స్వెల్ (పుట్టిన చోటు వదిలి దూరం ప్రయాణించే అలల వరుస) పుడుతుందని నాకు బోధించింది నువ్వే కదా. (బోధించి, ఆ రోజు బోర్డు ఇంట్లో మరిచిపోయి వచ్చావు. అది వేరే కథ.)

మంగళవారానికి అలల అంచనాల పట్టికలోనూ కదలిక కనిపించింది. పట్టిక ఇలా ఉంది. గురువారం ఉదయం అలల ఎత్తు 1.3 మీటర్లు, అలకూ అలకూ మధ్య 9 సెకన్లు, దిశ ఆగ్నేయం, గాలి ఒడ్డు నుంచి మెల్లగా. రోజు ఎంత బాగుంటుందో చెప్పే నక్షత్రాల్లో ఒకే ఒక్కటి. శుక్రవారం 2.4 మీటర్లు, 15 సెకన్లు, దిశ నైరుతి. మూడు నక్షత్రాలు! ఇంకేముంది, మనవాళ్ళు బోర్డులకు మైనం రుద్దడం మొదలుపెట్టారు. శుక్రవారం గడిలో గాలి ఎటు నుంచో ఎవరైనా చూశారా? తెల్లవారకముందే సముద్రం నుంచి ఒడ్డు వైపు మళ్ళి, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో సాయంత్రం దాకా అలాగే ఉంటుందని స్పష్టంగా రాసి ఉంది. సముద్రం వైపు గాలి వెనుక నుంచి తోస్తే అల ముఖం చితికిపోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ నక్షత్రాలు లెక్కపెట్టేవాడికి గాలి గడి కనిపించదు. ఆ నక్షత్రాలను కనిపెట్టినవాడు దొరికితే నాకు చెప్పు, నీ గొడుగుతో ఒకసారి మాట్లాడిద్దాం.

సరే, గురువారం. ఇక్కడే నాకు గుండె కొట్టుకోవడం మొదలైంది. పైన కనిపించే 1.3 మీటర్లు ఒకే రకం అలల ఎత్తు కాదురా. అది సముద్రంలో ఆ సమయానికి ఉన్న కదలికలన్నిటినీ కలిపి చెప్పే అంకె. దాన్ని విప్పి చూపించే వరుసలు కింద, ఎవరూ వేలు పెట్టని చోట ఉంటాయి. మొదటి వరుస 1.15 మీటర్లు, 9 సెకన్లు, ఆగ్నేయం. రెండో వరుస 0.6 మీటర్లు, 18 సెకన్లు, నైరుతి. (కూడితే 1.75 రావాలి కదా అంటావేమో. ఎత్తుల వర్గాలను కూడి వర్గమూలం తీస్తారు. వేసి చూడు, సరిగ్గా 1.3 వస్తుంది. నేను అర్ధరాత్రి కూర్చుని వేశాను, అమ్మ దీపం ఆర్పమని కేకలేసింది.)

ఇప్పుడు ఆలోచించు. ఆగ్నేయం నుంచి వచ్చే ఆ 1.15 మీటర్లు మన రీఫ్‌కు చేరవు. మధ్యలో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము అడ్డం. అంటే గురువారానికి ఊరంతా చూసిన ఆ పై అంకెలో ఎక్కువ వాటా మన దగ్గరికి రాని అలలదే! మనకు సంబంధించింది ఆ రెండో వరుస ఒక్కటే. అరవై సెంటీమీటర్లు అంటే మోకాలి కంటే కాస్త ఎత్తు. కానీ పద్దెనిమిది సెకన్లు! లోతు నీటిలో అల పొడవు సెకన్ల వర్గానికి 1.56 రెట్లు ఉంటుంది. 9 సెకన్ల అల పొడవు 126 మీటర్లు, 18 సెకన్లది 500 మీటర్ల పైమాటే. అల తన పొడవులో సగం లోతు దాకా అడుగును తడుముకుంటుంది కనుక, చిన్న అల 60 మీటర్ల లోతు దగ్గర గాని నేల ఉందని గ్రహించదు. ఈ పొడుగాటి అలకు 250 మీటర్ల లోతు నుంచే తెలిసిపోతుంది. అక్కడి నుంచే వంగడం మొదలుపెడుతుంది. రీఫ్ ముందుకు పొడుచుకు వచ్చిన చోట ఇరుపక్కల శక్తీ ఒకచోట చేరుతుంది. బయట అరవై సెంటీమీటర్లుగా వచ్చింది రీఫ్ అంచున ఎంత ఎత్తున లేస్తుందో పట్టిక తయారుచేసే కంప్యూటరుకు తెలియదు, దాని గళ్ళు కిలోమీటర్ల వెడల్పువి. మన రీఫ్ అందులో ఒక చుక్క కూడా కాదు.

ఇక వేళ. అలల గుంపు ప్రయాణ వేగం ఎంతో తెలుసుకోవడానికి సెకన్లను 2.8తో గుణించడం, గంటకు కిలోమీటర్లలో వస్తుంది. మనం వల్లె వేసిన ఏకైక ఎక్కం. 18 సెకన్లకు గంటకు 50 కిలోమీటర్లు. 5,000 కిలోమీటర్లకు దాదాపు వంద గంటలు. గాలి ఉధృతి ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు, అక్కడి నుంచి లెక్కపెడితే గురువారం ఉదయం ఏడు, ఎనిమిది మధ్య. 15 సెకన్లవి గంటకు 42 కిలోమీటర్ల చొప్పున శుక్రవారం తెల్లవారుజాముకు. పరుగు పందెంలో అందరూ ఒకేసారి బయలుదేరినా చివరికి వరుసగా విడిపోయి చేరుకుంటారే, అలాగే తుఫానులో కలగాపులగంగా పుట్టినవి దారిలో విడిపోతాయి. పొడుగువి ముందు, పొట్టివి వెనుక. ముందు వచ్చేవి ఎత్తు తక్కువ, కానీ ఎంత శుభ్రంగా ఉంటాయో!

నీకు సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ గుర్తున్నాడా? 1944లో నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సైన్యం దిగినప్పుడు వాడిన అలల అంచనా పద్ధతిని మరో శాస్త్రవేత్త స్వెర్డ్రప్‌తో కలిసి తయారుచేసినవాడు. 1963లో న్యూజిలాండ్ నుంచి అలాస్కా వరకు పసిఫిక్ పొడవునా కొలమానాలు పెట్టించి, దక్షిణాన పుట్టిన అలలు ఉత్తరానికి చేరేదాకా వెంటపడ్డాడు. మధ్యలో సమోవాలో తానే మకాం వేశాడు. పొడుగు అలలు, పొట్టి అలలు ఎంత తేడాతో చేరాయో చూసి తుఫాను ఎంత దూరంలో పుట్టిందో వెనక్కి లెక్కగట్టవచ్చు. ఇది చదివినప్పుడల్లా నాకు ఏదో అవుతుంది. మన దగ్గర అల విరిగే వేళకు దాన్ని పుట్టించిన తుఫాను ఉండదు, పటంలో చూస్తే అక్కడ ఖాళీ. మనం... సరే వదిలెయ్యి, నువ్వు నవ్వుతావు.

గురువారం తెల్లవారింది. ఆటు 5 గంటలకు, పోటు 11 దాటాక. ఆటు సమయంలో రీఫ్ మీద నీళ్ళు ఎంతుంటాయో నీ భుజాన్ని అడుగు. ఆరున్నరకు ముందు అక్కడికి వెళ్ళడం మూర్ఖత్వం. గాలి చూస్తే, రాత్రి చల్లబడిన నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి తొమ్మిదిన్నర, పది దాకా ఉంటుంది, ఆ తరువాత ఎండకు నేల వేడెక్కి గాలి తిరగబడుతుంది. అంటే స్వెల్, ఆటుపోట్లు, గాలి, మూడూ కలిసే సమయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా. అంతే. ఆ కాస్తసేపటి కోసం నేను వారమంతా అందరి తల తిన్నాను.

ఆరుంపావుకు మనవాళ్ళు కొందరు నాతో వచ్చారు, నా మాట నమ్మి కాదు, నన్ను ఏడిపించడానికి. సముద్రం పలకలా ఉంది. ఒక్క గీత లేదు. నక్షత్రాలరావు గడియారం చూశాడు, ఆవులించాడు, మళ్ళీ గడియారం చూశాడు. అరగంటలో అందరూ వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ "శుక్రవారం పిలువు" అన్నాడు.

కానీ అంత దూరం నుంచి వచ్చే తొలి స్వెల్ గుంపులుగానే వస్తుంది, ఒక గుంపుకూ మరో గుంపుకూ మధ్య చాలా విరామం ఉంటుంది. మూడు నాలుగు అలలు, తరువాత ఇరవై నిమిషాలు ఏమీ ఉండదు. ఆ ఇరవై నిమిషాలు చూసి వెళ్ళిపోయినవాడికి ఆ రోజు సముద్రం పడుకున్నట్టే లెక్క. నేనూ పడవాయనా మిగిలాం. ఆయన సముద్రం వైపు చూడడం లేదు. రీఫ్ పక్కన లోతు పాయలో లంగరు వేసిన పడవలను చూస్తున్నాడు. ఉన్నట్టుండి చేత్తో చూపించాడు. గాలి మారలేదు, అయినా పడవలన్నీ నెమ్మదిగా, ఒకదాని తరువాత ఒకటి తాళ్ళు లాగుతున్నాయి. పాయలో నీరు ఒక ఊపు ఊపిరి తీసి వదిలినట్టు వెనక్కి జరిగింది. ఆయన పట్టిక చూడలేదు, ఎక్కం వేయలేదు. నాకు ఒళ్ళు జలదరించింది.

తరువాత వచ్చాయి. దూరంగా మూడు గీతలు, స్కేలు పెట్టి గీసినట్టు, ఒకదానికీ మరొకదానికీ మధ్య ఎంత ఖాళీ అంటే, మొదటిది లేచాక కూడా రెండోది ఇంకా ఎక్కడో వెనుకే ఉంది. రీఫ్ అంచు దగ్గర లోతు ఒక్కసారిగా తగ్గుతుంది కదా, అక్కడ మొదటిది ఆగినట్టయి మనిషి ఎత్తున నిలబడింది. ఎదురుగా వీచే నేలగాలికి దాని అంచు నుంచి తుంపర వెనక్కి ఎగిరింది. ఆ పైన పెదవి ముందుకు విసిరి, లోపల ఒక ఖాళీ... ఇసుక తీరంలో ఇలా జరగదురా. ఇసుక కదులుతుంది, మొన్న విరిగిన చోట నేడు విరగదు. రాయి కదలదు. దిశ, సెకన్లు, నీటిమట్టం, గాలి అవే అయితే అదే అల, అదే చోట. అందుకే మన పాత నోటు పుస్తకం పనికొచ్చింది. మూడేళ్ళ క్రితం నువ్వు రాసిన వాక్యం, "నైరుతి 18, పోటు సగం, నేలగాలి: అయ్యబాబోయ్", అది దాచిపెట్టినందుకు నాకు నేనే సన్మానం చేసుకున్నాను.

తాహితీ దీవిలోని తెయాహుపో రీఫ్ గుర్తొచ్చింది. పోలిక పెట్టడం పాపమేమో, అక్కడ లోతు అంతకంటే హఠాత్తుగా తగ్గుతుంది, అల బరువే వేరు. 2024 ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలను పారిస్ నుంచి 15,000 కిలోమీటర్లకు పైగా దూరంలో అక్కడ పెట్టారు. అంతటి పోటీని కూడా పరిస్థితులు బాగోలేని రోజుల్లో ఆపి, అంచనాలు చూసుకుంటూ కూర్చున్నారు. ఒలింపిక్స్ వాళ్ళే ఆగితే మన నక్షత్రాలరావు ఇంకో అరగంట ఆగలేకపోయాడు!

నేను దిగాను. నా సంగతి నీకు తెలుసు, పాయ పక్కన భద్రంగా కూర్చునే రకం. రెండో గుంపులో చివరిది నా దగ్గరికి వచ్చింది. ముందువి రెండూ వెళ్ళిపోయి నీరు నునుపుగా ఉంది, కింద పగడాల రంగులు కూడా కనిపిస్తున్నాయి, అవి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడకూడదని నువ్వు చెప్పింది గుర్తుంచుకుని చూడలేదు. నాలుగు చేతులు వేసి లేచాను. అంతే, అది తీసుకుపోయింది. 9 సెకన్ల అల నెట్టినట్టుగా నెట్టదు ఇది. పొడుగ్గా, తొందర లేకుండా, ఆపలేనంత... చెప్పడం రావడం లేదు. వచ్చినప్పుడు నువ్వే చూస్తావు. పడవాయన ఈల వేశాడు, అది మాత్రం రాసిపెట్టుకో.

ఎనిమిదిన్నరకు గుంపుల మధ్య విరామం తగ్గింది. ఎవరో గట్టు మీది నుంచి చూసి ఫోను చేసినట్టున్నారు, మైనం రుద్దిన బోర్డులన్నీ పరుగెత్తుకుంటూ వచ్చాయి. తొమ్మిది నలభైకి నీటి మీద మొదటి ముడతలు. గాలి తిరిగింది. నక్షత్రాలరావు చెప్పులు విప్పి, బోర్డు కాలికి తాడు... కాదు, కాలికి బోర్డు తాడు కట్టుకుని, నీళ్ళలో అడుగు పెట్టే సరికి అలల ముఖాలన్నీ గరుకుగా అయిపోయాయి. నేను ఏమీ అనలేదు. నిజంగా. గడియారం మాత్రం చూసుకున్నాను.

శుక్రవారం 2.4 మీటర్లూ వచ్చాయి, మాట తప్పలేదు. గాలి కూడా మాట తప్పలేదు. తెల్లటి నురుగు గుట్టలు తప్ప అందులో అల అనదగింది లేదు. ఒకడు మొండిగా దిగి పగడాలకు మోకాలు కోసుకున్నాడు, పెద్దదేమీ కాదు, శుభ్రంగా కడిగి కట్టు కట్టారు. పగడపు గాటు తేలిగ్గా మానదు కనుక రోజూ చూడమన్నాను. మోకాలు అనగానే నువ్వే గుర్తొచ్చావు, అందుకే ఈ ఉత్తరం.

ఇంకొకటి. ఈ పొద్దుటి పటంలో దక్షిణాన మళ్ళీ రేఖలు దగ్గరవుతున్నాయి. ఈసారి కాస్త పడమరగా ఉంది, దిశ 10 డిగ్రీలు అటు జరిగితే మన రీఫ్ చివరి భాగం కూడా పనిచేస్తుందేమో. నువ్వు ఎప్పుడూ అనేవాడివి కదా అక్కడ ఇంకో అల దాగి ఉందని. అమావాస్య పోట్లు కూడా అప్పుడే, ఆటు మరీ లోతుకు దిగుతుంది, కనుక వేళ చాలా తక్కువ. రెండో వరుస ఇంకా తేలలేదు. రేపు తేలగానే అంకెలు పంపిస్తాను, నువ్వు కూడా వేరుగా లెక్కవేసి పంపు, నా జవాబు చూడకుండా. వైద్యుడు నీళ్ళలోకి వద్దన్నా పడవలో కూర్చోవద్దని అనలేదు కదా?

పడవాయన కేక వేస్తున్నాడు, టపా సంచీ ఆయన పడవలోనే వెళ్ళాలి. నా అల తరువాత వచ్చిన దాని మీద ఎవరు లేచారో చెప్పనే లేదు, నువ్వు నమ్మవు, మన చుట్టుపక్కల ఎవరూ