పాస్‌బుక్ అడిగినందుకు

హ్యూస్టన్,
సెప్టెంబరు 20

చి.ల.సౌ. సుజాతకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. ఎండలు ఇంకా తగ్గలేదు. అమ్మ మోకాలు నొప్పంటూనే దొడ్లో గోంగూర వేసింది. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకుంటున్నావా? కాఫీ తాగాక వేసుకోకు.

నువ్వు మాట్లాడి ఇరవై మూడు రోజులైంది. మెసేజ్‌కి నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు రావడం లేదు. బ్యాంకు పుస్తకం ఫొటో పంపమన్న దగ్గర్నుంచే ఇలా. అన్నయ్య నాన్న చేత లెక్కలు అడిగిస్తున్నాడని నువ్వు బాధపడ్డావట, మీ పిన్ని చెప్పింది. కాదమ్మా.

గ్రీన్ కార్డు తీసుకున్నాక రిటైరైన వాళ్ళయినా ఇక్కడి పన్ను రిటర్న్‌లో ఆదాయాలన్నీ చూపాలి, నా పెన్షన్, ఎఫ్‌డీల వడ్డీ కూడా. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు. ఆ పని అయిపోయింది. మిగిలింది ఎఫ్‌బార్, అంటే బయటి దేశాల్లో ఉన్న ఖాతాల వివరాలు ఇక్కడి ప్రభుత్వానికి చెప్పే ఫారం. ఇండియాలో నా పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, ఒక్కో ఖాతాలో ఆ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ ఎప్పుడు ఎంత ఉందో చూసి, ఆ మొత్తం రాసి పంపాలి. గడువు ఏప్రిల్ 15, ఆపైన అక్టోబర్ 15 వరకు వాళ్ళే పొడిగిస్తారు. మన జాయింట్ ఖాతాలో డబ్బంతా నీదే, నాకు తెలుసు. నా పేరుంది కాబట్టి మొత్తం చూపాలి. చూపినంత మాత్రాన పన్ను పడదు. చూపకపోతే మాత్రం జరిమానా వేల డాలర్లలో ఉండొచ్చు.

1986లో పల్లెటూరి పోస్టాఫీసులో ఉండగా ఒక సాయంత్రం నగదు నలభై రూపాయలు ఎక్కువ తేలింది. తక్కువైతే జేబులోంచి వేసుకుంటాం. ఎక్కువంటే ఎవరి సొమ్మో మన దగ్గరుందన్నమాట. కాగితాలన్నీ మూడుసార్లు తిరగేశాను. రాత్రి ఎనిమిదికి గుర్తొచ్చింది. పొద్దున వానలో తడుస్తూ వచ్చిన ముసలమ్మ కట్టిన డబ్బు నేను ఎక్కడా రాయలేదు. సైకిలెక్కి చెరువుగట్టు మీదుగా వెళ్ళాను. నన్ను చూడగానే టెలిగ్రాం అనుకుని గుమ్మంలోనే కూలబడింది. "అదేం కాదమ్మా, పాస్‌బుక్ ఇవ్వు" అంటే ఇంకా భయపడి కొంగులో దాచుకుంది. అరగంట బతిమాలితే గానీ ఇవ్వలేదు. లాంతరు వెలుగులో అంకె వేసి, ముద్ర కోసం మర్నాడు రమ్మన్నాను. మజ్జిగ ఇచ్చి పంపింది. ఇంటికొచ్చేసరికి అమ్మ నిన్ను భుజాన వేసుకుని వీధిలో నిలబడి ఉంది.

అలాంటి వాణ్ణి, ఎందుకో చెప్పకుండా నిన్ను పుస్తకం అడిగాను. తప్పు నాదే.

నీ ఖాతాకి నామినీ రాయించావా? బుజ్జిగాడి పేరు పెట్టించు. ఎఫ్‌డీ రసీదులు బీరువాలో చీరల కింద కాదు, ఒక ఫైల్లో పెట్టు. ఏ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి. ఎన్నిసార్లు చెప్పాను! నవంబర్‌లో నా లైఫ్ సర్టిఫికెట్ గురించి కంగారు పడకు, ఇక్కడి మన కాన్సులేట్‌లో ఇస్తారు.

పుస్తకం ఫొటో వద్దు. పోయిన ఏడాది జనవరి నుంచి డిసెంబరు దాకా స్టేట్‌మెంట్ చాలు. పెద్దాడికి కాదు, నా ఫోన్‌కే పంపు. ఎఫ్‌బార్ నేనే నింపుతాను.

అది కుదరకపోతే ఊరికే ఫోన్ చెయ్యి. నీకు పొద్దున ఏడున్నరైతే ఇక్కడ రాత్రి తొమ్మిది. మెలకువగానే ఉంటాను.

నాన్న