గవ్వకు సాయం చేసిన అందరికీ

మొదటి దండం మాకు పాలు వేసే తమ్ముడికి. పిక్కలో మా గవ్వ పళ్లు దిగిన మనిషి మళ్లీ మా గుమ్మం తొక్కడమే గొప్ప. అతను అంతటితో ఆగకుండా దాన్ని దారికి తెచ్చే పనిలో తానూ ఓ చెయ్యి వేశాడు. మిగతావాళ్ల పేర్లు కూడా చెప్పి దండం పెట్టాలని ఉంది కానీ, ఎవరూ ఒప్పుకోలేదు. అందుకని మనుషుల్ని పనులతోనే చెబుతాను.

గవ్వ దేశీ కుక్క. నుదుట తెల్లమచ్చ ఉండబట్టి ఆ పేరు. మా చెల్లెలు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు, రోడ్డు మీద స్కూటర్ గుద్దేసి పోయిన పిల్లను ఇంటికి తెచ్చి పెంచింది. తర్వాత వాళ్లకు ఆస్ట్రేలియాలో ఉద్యోగాలు వచ్చాయి. మన దేశం నుంచి కుక్కను నేరుగా అక్కడికి తీసుకుపోనివ్వరు. ఆస్ట్రేలియా ఆమోదించిన మరో దేశంలో నెలల తరబడి ఉంచి, పరీక్షలు చేయించి, అప్పుడు తీసుకెళ్లి మళ్లీ క్వారంటైన్‌లో పెట్టాలి. ఆ ఖర్చు, ఆ తిప్పలు వాళ్ల వల్ల కాలేదు. అలా గవ్వ విశాఖపట్నంలో మా ఇంటికి చేరింది. మాది లిఫ్టు లేని పాత అపార్టుమెంటులో రెండో అంతస్తు. ఇంట్లో నేను, మావారు, డెబ్బై ఎనిమిదేళ్ల మా నాన్నగారు.

గవ్వతోపాటు దాని చరిత్ర కూడా వచ్చింది. చెల్లెలి ఇంట్లో పిల్లలు వెనక నుంచి కావలించుకుంటే గుర్రుమంటోందని ఒక శిక్షకుడి దగ్గర కొన్ని వారాలు వదిలారట. లాగితే మెడకు బిగుసుకునే గొలుసు వేసి, అది గుర్రుమన్నప్పుడల్లా ఒక్క గుంజు గుంజేవారట. యజమానే గుంపుకు నాయకుడని దానికి తెలిసిరావాలని బోధ. తిరిగి వచ్చాక నిజంగానే గుర్రుమనడం మానేసింది. అందరూ సంతోషించారు. ఆ సంతోషం ఖరీదును మా పాల తమ్ముడు చెల్లించాడు. గుర్రుమనలేదు, పళ్లు చూపలేదు, ఒక్కసారిగా పట్టేసింది.

గవ్వకు రేబిస్ టీకాలన్నీ సమయానికి పడ్డాయి. అయినా మా కింది ఇంటి అక్కగారు ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. తమ్ముణ్ణి కుళాయి కింద కూర్చోబెట్టి, సబ్బు పెట్టి పావుగంట సేపు కడిగించారు. పసుపూ సున్నమూ పట్టుకొచ్చిన వాళ్లను దగ్గరకు రానివ్వలేదు. ఈలోగా నాన్నగారు తన చిన్నతనంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవారని వర్ణించి చెప్పి, ఆ అబ్బాయిని కరిచిన కుక్క కన్నా ఎక్కువ భయపెట్టారు. ఆ పద్ధతి పోయి రెండు దశాబ్దాలు దాటింది. ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బల మీద చర్మంలోకి చిన్న సూదులు వేశారు. మొదటి రోజు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఆ టీకాల గదిలో సిస్టర్‌గారు తిట్టకుండా, తొందరపెట్టకుండా అన్నీ వివరించారు. పది రోజులపాటు కుక్కను కట్టి ఉంచి ఎలా గమనించాలో కూడా ఆవిడే చెప్పారు. ఆవిడకు, అక్కగారికి రెండు చేతులా నమస్కారం.

ఆ వారంలో మాకు దొరికినన్ని సలహాలు పెళ్లి సంబంధాలప్పుడు కూడా దొరకలేదు. ఆహారం మానిపించమన్నారు, చుట్టిన పేపరుతో ముక్కు మీద కొట్టమన్నారు, రాత్రివేళ ఊరి బయట దింపేసి రమ్మన్నారు. పెంచుకున్న జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. నిజానికి ఆ మాట నేను చెప్పలేదు, మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శిగారు చెప్పారు. కుక్కను పంపించేయమని తీర్మానం పెట్టండని కొందరు ఆయన మీద ఒత్తిడి తెచ్చారు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సంఘాలకు అలాంటి అధికారం లేదని ఆయన నిక్కచ్చిగా చెప్పేశారు. ఆ వెంటనే మా ఇంటికి వచ్చి, "చట్టం మీ పక్కన ఉంది సరే, కానీ మెట్ల మీద పిల్లలు తిరుగుతారు. దీనికి వైద్యం చూడండి" అన్నారు. రెండు మాటలూ న్యాయమే. కుక్కలంటే గిట్టని మనిషి అంత సమంగా ఉండటం నేను ఊహించలేదు.

ఇక బెంగళూరులో ఉండే మేడంగారి సంగతి. మా వెటర్నరీ డాక్టరుగారే ఆవిడ నంబరు ఇచ్చారు. జంతువుల ప్రవర్తన మీద చదువుకున్న నిపుణురాలు, అచ్చమైన తెలుగు మాట్లాడతారు, పని ఎక్కువగా వీడియో కాల్ మీదే. ఫోన్లో కుక్కను ఎలా బాగుచేస్తారని మావారు మొదటి రోజే పెదవి విరిచారు. కరుస్తున్నప్పటి వీడియో కావాలంటారేమో, ఎవర్ని బలిపెట్టాలా అని నేను హడలిపోయాను. ఆవిడ అడిగింది పూర్తిగా వేరు. రెచ్చగొట్టే పని ఒక్కటి కూడా చేయవద్దన్నారు. అది పడుకుని లేస్తున్నప్పుడు, కూర్చుంటున్నప్పుడు, నడుస్తున్నప్పుడు, మెట్లు ఎక్కి దిగుతున్నప్పుడు తీసి పంపమన్నారు. ఒక నోటు పుస్తకం పెట్టి, అది బిగుసుకున్నా, మొహం తిప్పుకున్నా, పెదవులు నాకినా, కనుగుడ్డు తెల్ల భాగం కనిపించేలా ఓరగా చూసినా రాసిపెట్టమన్నారు. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎదురుగా ఎవరు, ఎంత దూరంలో, అంతకు ముందు ఏం జరిగింది. రాయడం బ్యాంకు ఉద్యోగినికి కొత్త కాదు. లెక్కలు తేలకపోతే నిద్రపట్టని జాతి మాది.

ఆ పుస్తకం ఆవిడ చదివిన తీరు చూశాక నా నోట మాట రాలేదు. నాకు అందులో కనిపించింది మనుషుల పేర్లు: పాల తమ్ముడు, పేపరు అబ్బాయి, పనమ్మాయి, నాన్నగారు. ఎవరంటే గవ్వకు పడదా అని వెతుకుతున్నాను. ఆవిడ మనుషుల వరస మీద కాగితం అడ్డం పెట్టి, మిగతా వరసలు చదవమన్నారు. తెల్లవారుజామున. మెట్ల మలుపులో. మెట్లు ఎక్కి వచ్చాక. నున్నటి టైల్స్ మీద చాలాసేపు పడుకుని లేచాక. నడుము మీద చెయ్యి వేస్తే. తర్వాత వీడియో ఆపి చూపించారు: కూర్చున్నప్పుడు కుడి వెనక కాలు పక్కకు విసిరేసి ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు రెండు వెనక కాళ్లూ కలిపి కుందేలులా గెంతుతోంది. మేం దాన్ని ముద్దుగా హుషారు అనుకునేవాళ్లం. "శిక్షణ మాట తర్వాత, ముందు ఎక్స్‌రే తీయించండి" అన్నారు.

ఎక్స్‌రేలో ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న కటి ఎముక, అరిగిన తుంటి కీలు కనిపించాయి. పసితనంలో స్కూటర్ గుద్దిన దెబ్బ. అప్పట్లో నాలుగు రోజులకే లేచి పరుగెత్తిందని ఎవరికీ అనుమానం రాలేదు. కుక్కలు నొప్పిని దాచడంలో ఆరితేరినవి. కుంటడానికి చాలా ముందే చిరాకులో, దూరంగా ఉండాలనుకోవడంలో అది బయటపడుతుందట. ఆ తెల్లవారుజామున మెట్ల మలుపులో, పట్టేసిన తుంటితో గోడకూ పాల క్రేటుకూ మధ్య ఇరుక్కున్న గవ్వకు దారి లేదు. దారి వదలమని చెప్పడానికి దానికి ఉన్న ఒకే ఒక మాట గుర్రుమనడం. ఆ మాటను అంతకుముందే గొలుసుతో పీకేశారు.

ఇక్కడ ఆ నాయకుడి సిద్ధాంతం గురించి రెండు ముక్కలు, నా కోపం చల్లారడానికి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు స్విట్జర్లాండ్‌లో జంతు ప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్లను చూసి, అవి పెత్తనం కోసం కొట్టుకుంటాయని రాశారు. ఆ ఆలోచనకు తర్వాత బాగా ప్రచారం తెచ్చిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, 1999లో తానే దాన్ని సవరించారు. అడవిలో గుంపంటే తల్లి, తండ్రి, వాటి పిల్లలు. అంటే ఒక కుటుంబం. అక్కడ పెత్తనం కోసం పోరు వెతకాల్సిన పని లేదు. ఈ సంగతి తెలిసి పాతికేళ్లు దాటినా, బందీ తోడేళ్ల లెక్కతో ఇంటి కుక్క మెడ బిగిస్తూ డబ్బు తీసుకునేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. శిక్షకుడినని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. పద్ధతి ఏమిటని ముందే అడగండి. గొలుసు, షాక్ బెల్టు, గ్యారంటీ అనే మాటలు వినబడితే లేచి వచ్చేయండి.

వెటర్నరీ డాక్టరుగారు నొప్పి తగ్గే మందు రాశారు, బరువు తగ్గించమన్నారు, టైల్స్ మీద జారకుండా చాపలు పరిపించారు. నాన్నగారి మోకాళ్ల మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేయవద్దని గట్టిగా హెచ్చరించారు. మనం వాడే ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. మేడంగారూ ఆయనా మాట్లాడుకుని, ఆందోళన తగ్గడానికి ఫ్లూక్సెటిన్ కూడా మొదలుపెట్టారు. కుక్కకు మనోవ్యాధి మందేమిటని మా బంధువులు నవ్వారు. మనుషులకు వాడే ఈ మందునే, ఒంటరిగా వదిలితే తల్లడిల్లే కుక్కల కోసం అమెరికాలో 2007లో అధికారికంగా ఆమోదించారు. పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మత్తుగా పడేసే మందు కాదు. నేర్చుకోగలిగేంత నెమ్మది వచ్చేలా చేస్తుంది.

నేర్పడం మొదలైంది అప్పుడే. పాల తమ్ముడి వంతు కూడా ఇక్కడే. అతను గేటు అవతల, గవ్వ చూసినా బిగుసుకోనంత దూరంలో నిలబడేవాడు. దాని కళ్లలోకి చూడకూడదు, పిలవకూడదు. అతను కనబడగానే నేను ఉడికించిన కోడి ముక్క పెట్టాలి, అతను పక్కకు తప్పుకోగానే ఆపేయాలి. అంతే. గవ్వ బుద్ధిగా కూర్చుంటేనే పెట్టడం అనే షరతు కూడా లేదు. ఆ మనిషి కనబడితే కోడి వస్తుందన్న లెక్క దాని మనసులో కుదరాలి. కుదిరాక ఒక అడుగు దగ్గరకు. బిగుసుకుంటే రెండు అడుగులు వెనక్కి. పాలు పోయడం పూర్తయ్యాక, తన విశ్రాంతి సమయంలో, ఎండలో, డబ్బులు ఇవ్వబోతే కోపగించుకుంటూ అతను ఆ పని చేశాడు. "అక్కా, నేను రోజూ వంద గుమ్మాలు తిరగాలి. కుక్కకు భయపడుతూ తిరగలేను కదా, ఇది నాకూ శిక్షణే" అన్నాడు.

మూతికి బుట్ట అలవాటు చేయమని మేడంగారు చెప్పినప్పుడు నాకు మనసొప్పలేదు. నాన్నగారు కొట్టిపారేశారు. "నూర్పిళ్లప్పుడు ఎడ్లకు చిక్కం కట్టేవాళ్లం, అవేమైనా ఏడ్చాయా?" అని, ఆ పని తనకు వదిలేయమన్నారు. మూతిని బిగించి కట్టే గుడ్డ పట్టీ పనికిరాదు. మన ఎండల్లో నోరు తెరిచి వగర్చకపోతే కుక్క ప్రాణానికే ముప్పు. నోరు తెరవడానికీ, నీళ్లు తాగడానికీ వీలుండే బుట్ట కావాలి. నాన్నగారు దాని లోపల పెరుగు రాసి పట్టుకుని కూర్చునేవారు. ఆయన తగిలించలేదు, అదే వచ్చి మూతి దూర్చేది. ఇప్పుడు చిక్కం తీస్తే బయటికి వెళ్తున్నామని తోక ఊపుతుంది.

ఇవన్నీ జరుగుతుండగా ఒకరోజు నాన్నగారు దాని నడుము పక్కగా వంగి ఏదో తీస్తుంటే గవ్వ గుర్రుమంది. చిన్నగా, స్పష్టంగా. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "గుర్రుమందోయ్!" అని ఇల్లంతా వినబడేలా అరిచారు. మావారు వంటింట్లోంచి పరుగున వచ్చారు. నేను ఆస్ట్రేలియాకు ఫోన్ చేశాను. మేడంగారికి చెబితే ఆవిడ మాకన్నా ఎక్కువ సంబరపడ్డారు. పోయిన మాట తిరిగి వచ్చింది. ఇప్పుడు అది గుర్రుమంటే మేం తప్పుకుంటాం, అది కరవాల్సిన అవసరం ఉండదు.

గవ్వ మారిపోయిందని నేను చెప్పను. సైలెన్సర్ పీకేసిన బండ్లంటే దానికి ఇప్పటికీ గుండెదడ. కొత్తవాళ్లు వస్తే వేరే గదిలో ఉంటుంది. మెట్ల మీద చిక్కం తప్పదు. మందు కొనసాగుతోంది. పాల తమ్ముడు కింద సైకిల్ స్టాండు వేస్తే మాత్రం పైన తోక చప్పుడు మొదలవుతుంది. మేడంగారి రుసుము, ఎక్స్‌రేలు, మందులు అన్నీ కలిపినా, చెల్లెలు ఆ వసతి శిక్షణకు కట్టినదానిలో సగం కూడా కాలేదు.

ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే నా నోటు పుస్తకంలో గీసుకున్న గళ్లు చూపిస్తాను, అలాగే రాసుకోండి. మొదట వెళ్లాల్సింది పశువైద్యుడి దగ్గరకే. దీపావళి దగ్గరపడుతోంది కాబట్టి టపాసుల భయం ఉన్న కుక్కల గురించి ఇప్పుడే డాక్టరుతో మాట్లాడండి. భయానికి ఇచ్చే మందును మామూలు రోజున ఒకసారి వేసి, దానికి ఎలా పడుతుందో చూసుకోవాలి. పండుగ సాయంత్రం పరుగెత్తితే లాభం లేదు. మా అపార్టుమెంటు పిల్లలు ఈసారి బాంబులు మా మెట్ల వైపు కాకుండా వెనక ఖాళీ స్థలంలో కాల్చుకుంటామని కార్యదర్శిగారి ముందు ఒప్పుకున్నారు. వాళ్లకు ముందస్తు కృతజ్ఞతలు. కాకరపువ్వొత్తుల ఖర్చు మా నాన్నగారిది.